వీధి కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

చలికాలం మొదలైతే చాలు, పార్క్ చేసిన కార్ల కింద, సగం కట్టిన ఇళ్ల ఇసుక కుప్పల మీద కుక్కపిల్లలు కనిపిస్తాయి. వానల చివర్లో జత కట్టిన కుక్కలు రెండు నెలలు తిరిగేసరికి ఈనుతాయి మరి. ఎవరో ఒకరు జాలిపడి ఒక పిల్లను ఇంటికి తెచ్చుకుంటారు, ఆ రాత్రి నుంచే మాకు ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లు మారుతుంటారు గానీ సందేహాలు అవే. అందుకే ఒకచోట రాసిపెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. మందుల మోతాదులు కావాలనే రాయలేదు. అవి పిల్ల బరువును బట్టి మారతాయి, డాక్టరే చెప్పాలి.

## తెచ్చుకునే ముందు

పిల్ల ఒక్కటే వీధిలో అరుస్తోంది. తల్లి లేనట్టేనా? ఇప్పుడే తెచ్చేయొచ్చా?

తొందరపడకండి. తల్లి తిండి కోసం వెళ్లి గంటల తరబడి రాకపోవచ్చు. మనుషులు చుట్టూ మూగితే దగ్గరికి రాకుండా దూరంగా నిలబడిపోతుంది కూడా. మీరు పక్కకు తప్పుకుని కొన్ని గంటలు గమనించండి. పిల్ల పొట్ట నిండుగా, ఒళ్లు వెచ్చగా ఉంటే తల్లి చూసుకుంటున్నట్టే. అలాంటప్పుడు తల్లికి తిండి, నీళ్లు పెట్టడమే పెద్ద సాయం. ఎనిమిది వారాలు నిండేదాకా పిల్ల తల్లి దగ్గర, తోబుట్టువుల మధ్య ఉండటమే మంచిది. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో అది నేర్చుకునేది అక్కడే.

ఒళ్లు చల్లబడి, వేలాడిపోతూ, గాయాలతో, లేదా వాహనాలు తిరిగే దారి మధ్యలో ఉంటే మాత్రం ఆగాల్సిన పనిలేదు. తీసుకురండి.

దీని వయసెంతో తెలిసేదెలా?

నోరు తెరిచి చూడండి. కళ్లు ఇంకా మూసే ఉంటే రెండు వారాల లోపు. కళ్లు తెరిచినా పళ్లు లేకపోతే మూడు వారాల అటూ ఇటూ. సూదుల్లాంటి పాలపళ్లు దాదాపు అన్నీ వచ్చి ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ముందు పళ్లు ఊడి పెద్దవి వస్తుంటే నాలుగైదు నెలలు. తిండి సరిగా లేని పిల్ల వయసుకు తగ్గ సైజులో ఉండదు కాబట్టి ఒడ్డూ పొడుగూ చూసి లెక్కేస్తే తప్పుతుంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కుక్కలు వద్దంటోంది. వాళ్లకు ఆ హక్కుందా?

పెంపుడు జంతువులే ఉండకూడదని అసోసియేషన్ మెజారిటీతో తీర్మానం చేసినా అది చెల్లదని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి. లిఫ్ట్ వాడొద్దని అనడానికి కూడా వీల్లేదు. అద్దె ఇంటి సంగతి వేరు. అది మీకూ ఓనరుకూ మధ్య ఒప్పందం, తెచ్చుకోకముందే అడిగి తేల్చుకోండి. ఓనరుకు చెప్పకుండా తెచ్చుకుని, ఆయన కసురుకున్న రోజున పిల్లను మళ్లీ రోడ్డున పెట్టిన ఇళ్లు మేం చాలా చూశాం.

చట్టం మీవైపు ఉన్నా పక్కింటివాళ్లతో ముందే ఒక మాట చెప్పి ఉంచడం మంచిది. మెట్ల మీద ఒక్కసారి మూత్రం పోసిందంటే ఏ మార్గదర్శకాలూ అక్కరకు రావు.

మా అత్తగారు "ఇంట్లో కుక్క తిరిగితే మైల" అంటున్నారు. ఎలా ఒప్పించాలి?

వాదించి ఒప్పించిన వాళ్లను మేం చూడలేదు. కాలభైరవుడి వాహనం కుక్కే కదా, ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు కదా అని మొదలుపెడితే, ఆవిడకు మీకంటే ఎక్కువ కథలు తెలిసి ఉంటాయి. హద్దులు ఒప్పుకుంటేనే పని జరుగుతుంది. పూజగది, వంటగది వైపు రాకుండా అడ్డు పెట్టండి. పిల్లకు వరండాలోనో హాల్లో ఒక మూలనో చోటు చూపించండి. శుభ్రం చేసే పని ఎవరిదో ముందే తేల్చుకోండి. పెద్దవాళ్ల అసలు భయం మైల కాకపోవచ్చు, ఆ చాకిరీ అంతా చివరికి తమ మీద పడుతుందన్నది కావచ్చు. అది నిజంగా పడకూడదు కూడా. ఇంట్లో ఒక్కరైనా గట్టిగా వద్దంటుంటే పిల్లను తేకండి, వేరే ఇల్లు వెతకండి.

ఆడది తీసుకుంటే తలనొప్పి, మగదే తీసుకోమంటున్నారు. నిజమేనా?

కాదు. పిల్లలు పుడతాయన్నది ఒక్కటే భయమైతే దానికి ఆపరేషన్ ఉంది. ఈ మాట వల్లే వీధుల్లో ఆడ కుక్కపిల్లలు మిగిలిపోతున్నాయి.

## మొదటి రెండు మూడు రోజులు

ఒళ్లంతా మురికి, వాసన. ముందు స్నానం చేయించాలా?

వద్దు. తిండిలేక నీరసించిన పిల్లకు స్నానం చేయిస్తే ఒళ్లు చల్లబడిపోతుంది, దాంతోనే ప్రాణం మీదికి రావచ్చు. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, తుడవండి. వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. డాక్టరు చూసి, పిల్ల బాగా తిని తిరుగుతున్నాక స్నానం చేయించొచ్చు, అదీ కుక్కల షాంపూతో. డెటాల్, ఫినాయిల్ లాంటివి ఒంటికి తగలనివ్వకండి.

ఆకలిగా ఉంది, ఆవుపాలు పోయొచ్చా?

అందరూ మొదట చేసేది ఇదే, మర్నాడు విరేచనాలు పట్టుకునేదీ దీనివల్లే. ఆవు, గేదె పాలలోని లాక్టోజ్ అనే చక్కెర చాలా కుక్కపిల్లలకు అరగదు. నాలుగు వారాల లోపు పిల్లైతే మందుల షాపుల్లో, పెట్ షాపుల్లో దొరికే కుక్కపిల్లల పాలపొడి కలిపి పట్టండి. వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి దగ్గర తాగేటప్పుడు ఎలా ఉంటుందో అలా బోర్లా ఉంచాలి.

పళ్లు వచ్చిన పిల్లకు ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుడ్డు, మెత్తగా వండిన అన్నం కలిపి పెట్టండి. చాలా రోజులుగా పస్తులున్న పిల్ల ఎంత పెడితే అంతా తినేస్తుంది, తర్వాత కక్కుతుంది. రోజుకు నాలుగైదుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టండి. పిల్ల వణుకుతూ, తూలుతూ, పిలిచినా పలక్కుండా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి ఉండొచ్చు. తేనె గానీ చక్కెర నీళ్లు గానీ వేలితో చిగుళ్లకు రాసి, వెచ్చగా చుట్టి, నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

పొట్ట మాత్రం కుండలా ఉంది, మిగతా ఒళ్లంతా ఎముకలే. బాగా తిన్నట్టా?

అవి ఏలికపాములు. వీధి కుక్కపిల్లల్లో దాదాపు అన్నింటికీ ఉంటాయి, తల్లి కడుపులో ఉన్నప్పుడే వస్తాయి. రెండు వారాల వయసు నుంచి రెండు వారాలకోసారి నులిపురుగుల మందు వేయాలి. రెండు మూడు నెలలు దాటాక నెలకోసారి, ఆరు నెలల తర్వాత మూడు నెలలకోసారి సరిపోతుంది. మందు వేసిన మర్నాడు మలంలో సేమ్యాలాంటి పురుగులు పడతాయి, టెన్షన్ పడకండి. ఈ పురుగుల గుడ్లు మనుషులకూ, ముఖ్యంగా మట్టిలో ఆడే చిన్నపిల్లలకూ హాని చేస్తాయి. కుక్కపిల్లను ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

చెవుల్లో, వేళ్ల సందుల్లో గోమార్లు పట్టి ఉన్నాయి. ఎలా తీయాలి?

చిన్న పట్టకారుతో చర్మానికి బాగా దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగండి. తీసినదాన్ని వేళ్లతో నలపకుండా స్పిరిట్‌లోనో సబ్బు నీళ్లలోనో వేయండి. కిరోసిన్ పూయడం, అగరొత్తితో కాల్చడం వద్దు. పశువులకు కొట్టే మందును అందాజుగా నీళ్లలో కలిపి పిల్లకు రాస్తుంటారు, అది విషం. ఎన్ని వారాల పిల్లకు ఏ మందు పనికొస్తుందో డాక్టరు చెబుతారు. చిగుళ్లు పాలిపోయి, జ్వరంతో తిండి మానేస్తే టిక్ ఫీవర్ కావచ్చు, రక్తపరీక్ష చేయించండి.

వెంట్రుకలు ఊడి గజ్జి పట్టింది. మెకానిక్ షాపులో ఇంజిన్ ఆయిల్ రాయమన్నారు. రాయొచ్చా?

రాయకూడదు. ఈ సలహా ఇంకా ఎంతమంది ఇస్తున్నారో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఆ నూనెను పిల్ల నాకుతుంది. నాకకపోయినా చర్మం గుండా లోపలికి పోయి కాలేయం, కిడ్నీలు దెబ్బతినొచ్చు.

గజ్జిలో రెండు రకాలు ఎక్కువ. విపరీతంగా దురద పెట్టేది సార్కోప్టిక్ రకం, అది మనుషులకూ అంటుకుని చేతుల మీద, పొట్ట మీద ఎర్రగా దద్దుర్లు తెస్తుంది. రెండోది డెమోడెక్టిక్, ఒంట్లో శక్తి తగ్గిన పిల్లలకు వస్తుంది, మనకు అంటుకోదు. డాక్టరు చర్మం కొంచెం గీకి మైక్రోస్కోపులో చూస్తే ఏదో తేలుతుంది. ఇప్పుడు మంచి మందులున్నాయి, వారాల్లో కొత్త వెంట్రుకలు వస్తాయి. తేలేదాకా పిల్ల పడుకునే గుడ్డలు వేడినీళ్లలో ఉతకండి, మీ దుప్పట్లలోకి రానివ్వకండి.

గాయంలో పురుగులు పడ్డాయి. ఇంట్లోనే తీసేయొచ్చా?

పైకి కనిపించేవి కొన్నే, లోపల గుంత చాలా లోతుగా ఉంటుంది. డాక్టరు దగ్గర మత్తిచ్చి తీయించడమే దారి. ఊళ్లలో సీతాఫలం ఆకు నూరి పెడతారు. పశువు కాలి గాయానికి ఎప్పటినుంచో వాడుతున్నదే అయినా, కంటి దగ్గర, చెవిలో, చిన్న పిల్లకు అసలు వద్దు. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే చూపు దెబ్బతింటుంది.

వచ్చినప్పటినుంచి మంచం కిందే ఉంది. బయటికి లాగాలా?

లాగకండి. నీళ్లు, తిండి దానికి అందేంత దూరంలో పెట్టి మీ పని మీరు చూసుకోండి. నేలమీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఉంటే అదే వచ్చి వాసన చూస్తుంది. రాళ్ల దెబ్బలు తిన్న పిల్లలు చెయ్యి పైకెత్తితే బెదురుతాయి, అందుకే తలమీద కాకుండా గడ్డం కింద నిమరండి. చుట్టాలనూ పక్కింటి పిల్లలనూ పిలిచి చూపించే కార్యక్రమం వారం తర్వాత పెట్టుకోవచ్చు.

## డాక్టరు, టీకాలు

ఏ టీకా ఎప్పుడు వేయించాలి?

ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటిది. పార్వో, డిస్టెంపర్ లాంటి ప్రమాదకరమైన కుక్కల జబ్బులకు కలిపి ఇచ్చే ఈ టీకాను డాక్టర్లు "సెవెన్ ఇన్ వన్", "నైన్ ఇన్ వన్" అంటుంటారు. మూడు నాలుగు వారాల తేడాతో 16 వారాలు నిండేదాకా మళ్లీ మళ్లీ ఇస్తారు. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గేదాకా టీకా సరిగా పట్టదు, అది ఏ వారంలో తగ్గుతుందో బయటికి తెలీదు, అందుకే ఇన్నిసార్లు. రేబిస్ టీకా మూడు నెలలకు, తర్వాత డాక్టరు చెప్పినట్టు బూస్టర్, ఆపైన ఏటా.

ఒక్క డోసుతో ఆపేసి "టీకాలు అయిపోయాయి" అనుకోవడమే మేం ఎక్కువగా చూసే పొరపాటు. కోర్సు పూర్తయ్యేదాకా వేరే కుక్కలు తిరిగే నేల మీద పిల్లను దించకండి. ఎత్తుకుని తిప్పండి, లోకం చూపించండి.

వాంతులు, రక్తంతో నీళ్ల విరేచనాలు. రేపు ఉదయం దాకా ఆగొచ్చా?

ఆగొద్దు. టీకా పడని పిల్లలో మొదట అనుమానించాల్సింది పార్వో. విరేచనం చాలా దుర్వాసన వేస్తుంది, పిల్ల గంటల్లో నీరసించిపోతుంది. వైరస్ సోకిన మూడు నుంచి ఏడు రోజులకు ఇవి బయటపడతాయి, అంటే తెచ్చిన వారంలోనే రావచ్చు. "మా ఇంటికొచ్చాకే జబ్బు చేసింది" అని బాధపడనక్కర్లేదు, వీధి నుంచే తెచ్చుకుని ఉంటుంది. వైరస్‌ను నేరుగా చంపే మందు మామూలుగా దొరకదు. సెలైన్, వాంతులు తగ్గించే మందులు, యాంటీబయోటిక్స్‌తో పిల్లను నిలబెడతారు. ఎంత త్వరగా మొదలుపెడితే బతికే అవకాశం అంత ఎక్కువ.

ఇది మనుషులకు రాదు. కానీ ఇంట్లో, పెరట్లో నెలల తరబడి బతికే ఉంటుంది. ఫినాయిల్‌తో పోదు. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కు ముప్ఫై వంతుల నీళ్లు కలిపి నేల తుడిచి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను కొన్ని నెలలు ఆ ఇంటికి తేకండి.

ఆటలో మా బాబుకు పన్ను గీరుకుంది. ఇంత చిన్న కుక్కపిల్లకు కూడా రేబిస్ ఉంటుందా?

ఉండొచ్చు. వయసు అడ్డు కాదు. తల్లిని రేబిస్ కుక్క కరిచి ఉందో లేదో మనకెవరికీ తెలీదు. గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏవీ పెట్టొద్దు. కట్టు కట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కుక్కపిల్లను పదిరోజులు గమనించడం మంచిదే, కానీ ఆ పదిరోజులు చూశాక టీకా వేయించుకుందాం అనుకోకూడదు. ముందు మొదలుపెట్టాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో కూడా వేస్తారు. చర్మం పొరలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో, కండలోకి ఇస్తే 14వ రోజు కూడా కలిపి వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా అవసరం, అడిగి వేయించుకోండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం పాతకాలపు మాట. ఆ టీకా మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మాత్రం మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం.

ప్రైవేటు క్లినిక్ ఖర్చు భరించలేం. ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో కుక్కల్ని చూస్తారా?

చూస్తారు. గేదెలు, మేకల మధ్య మీ వంతు వచ్చేదాకా ఓపిక పట్టాలి, అంతే. హైదరాబాద్ నారాయణగూడలో సూపర్ స్పెషాలిటీ పశు వైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లోనూ వైద్యం అందుతుంది. జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల) దినం, సెప్టెంబర్ 28న రేబిస్ దినం సందర్భంగా చాలాచోట్ల రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, ఆ వారం పేపర్లో జిల్లా పేజీ చూడండి.

## అలవాట్లు నేర్పడం

హాలంతా పాడుచేస్తోంది. ముక్కు రుద్దితే నేర్చుకుంటుందంటున్నారు.

మిమ్మల్ని చూసి భయపడటం ఒక్కటే నేర్చుకుంటుంది, ఆపైన సోఫా వెనక చాటుగా పోస్తుంది. నిద్ర లేవగానే, తిన్న వెంటనే, ఆట అవగానే బయటికి తీసుకెళ్లండి. ప్రతిసారీ ఒకే చోటికి. అక్కడ పోయగానే మెచ్చుకుని చిన్న ముక్క ఏదైనా పెట్టండి. రెండు నెలల పిల్ల రెండు మూడు గంటలకు మించి ఆపుకోలేదు, రాత్రి కూడా ఒకసారి లేవాల్సిందే. ఇంట్లో పోసిన చోట వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది, వెనిగర్ కలిపిన నీళ్లతో తుడవండి.

రాత్రంతా ఏడుస్తోంది, నిద్ర లేదు.

తోబుట్టువుల వెచ్చదనం పోయింది కదా. అట్టపెట్టెలో పాత దుప్పటి వేసి మీ మంచం పక్కనే పెట్టుకోండి. గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసా ఒకటి అందులో ఉంచండి. బాల్కనీలో వదిలి తలుపేస్తే పిల్లతోపాటు అపార్ట్‌మెంటంతా మేలుకుంటుంది.

మాది శాకాహారుల ఇల్లు. పెరుగన్నంతో పెరుగుతుందా?

బతుకుతుంది గానీ సరిగా పెరగదు. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు, కాల్షియం ఎక్కువ కావాలి. ఉత్త అన్నం, పాలతో పెరిగిన పిల్లల కాళ్లు వంకర పోవడం చూస్తుంటాం. వండే ఇబ్బంది లేకుండా కుక్కపిల్లల కోసం అమ్మే ప్యాకెట్ తిండి పెట్టొచ్చు. గుడ్డుకు ఇంట్లో అభ్యంతరం లేకపోతే ఇంకా సులువు. పప్పు, పనీర్, పెరుగు పైన అదనంగా పెట్టుకోండి.

ఇంట్లో ఏం తిన్నా దానికి పెట్టకూడనివి కొన్నున్నాయి: ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూరలు, చాక్లెట్, ద్రాక్ష, పాయసంలోని కిస్‌మిస్, చక్కెర లేని చూయింగ్ గమ్, ఉడికించిన కోడి ఎముకలు. జ్వరమని పారాసెటమాల్ వేయడం మరీ ప్రమాదం.

చేతులు, పంచె, చీరకుచ్చిళ్లు అన్నీ కొరుకుతోంది. కోపిష్ఠిదా?

పళ్లు వస్తున్నాయి, అంతే. కొరికినప్పుడు ఆట ఆపేసి లేచి వెళ్లిపోండి, నమలడానికి వేరే ఏదైనా ఇవ్వండి. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్య చూసినవాటికి కుక్క జీవితాంతం అలవాటు పడుతుంది. మిక్సీ చప్పుడు, హెల్మెట్ మనిషి, గ్యాస్ సిలిండర్ బాయ్, గొడుగు, స్కూలు పిల్లలు, అన్నీ ఆ రోజుల్లోనే మెల్లగా చూపించండి. దీపావళి టపాసులకు మాత్రం చాలా కుక్కలు అలవాటు పడవు. ఆ రాత్రి కిటికీలు మూసి, ఫ్యాన్ చప్పుడులో లోపలే ఉంచండి.

## పెద్దదయ్యాక

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు? ఒక్క ఈత అయ్యాక చేయించాలా?

అక్కర్లేదు. ఒకసారి ఈనితేనే ఆరోగ్యమన్నది అపోహ. ఆడవి ఆరు నెలల నుంచి ఏడాది లోపు మొదటిసారి ఎదకు వస్తాయి. సాధారణంగా ఆరు నెలల ప్రాంతంలో చేస్తారు, మీ పిల్ల బరువు, ఆరోగ్యం చూసి డాక్టరు తేదీ చెబుతారు. గర్భసంచిలో చీము పట్టే జబ్బు కూడా దీంతో తప్పుతుంది. మగవాటికీ చేయించండి. గోడ దూకి పారిపోవడం చాలావరకు తగ్గుతుంది.

వీధి కుక్కే కదా, లైసెన్స్ ఎందుకు?

మీ ఇంట్లో ఉన్నాక అది పెంపుడు కుక్కే. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ దగ్గర నమోదు చేయించి ఏటా రెన్యువల్ చేయించాలి, రేబిస్ టీకా సర్టిఫికెట్ అడుగుతారు. ఇతర పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసులో కనుక్కోండి. మెడలో పట్టీ, దానిమీద మీ ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండాలి. బయట తిరిగే నాటు కుక్క ఎవరిదో చూసేవాళ్లకు తెలీదు, వీధి కుక్కల్ని పట్టే బండికి అసలే తెలీదు.

ట్రాన్స్‌ఫర్ అయింది. తెచ్చిన వీధిలోనే వదిలేస్తే బతకదా?

కష్టం. ఆ వీధిలో ఇప్పుడున్న కుక్కలు దాన్ని తరిమి కొరుకుతాయి. తిండి వెతుక్కోవడం, బండ్లను తప్పించుకోవడం దానికి రాదు. చట్టప్రకారమూ నేరమే: పెంచుకున్న జంతువును అలా వదిలేయడాన్ని 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ నిషేధిస్తుంది. ఢిల్లీ వీధి కుక్కల కేసులో 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట అంది: వీధి కుక్కను దత్తత తీసుకున్నవాళ్లు అది మళ్లీ వీధిలోకి వెళ్లకుండా చూసుకోవాలి.

వెంట తీసుకెళ్లడానికి దారి ఉంది. రైల్లో ఫస్ట్ ఏసీలో రెండు లేదా నాలుగు బెర్తుల కూపే పూర్తిగా మీ పేరున ఉంటే కుక్కను తీసుకెళ్లొచ్చు, లేదంటే గార్డు బోగీలోని బాక్సులో బుక్ చేయొచ్చు. టీకా కార్డు, డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. నిజంగా తీసుకెళ్లలేకపోతే కనీసం రెండు నెలల ముందు నుంచి వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. ఆపరేషన్, టీకాలు పూర్తయిన కుక్కకు ఇల్లు త్వరగా దొరుకుతుంది. ఫోటోలు పగటి వెలుతురులో తీయండి, వయసు, అలవాట్లు, భయాలు దాచకుండా రాయండి, తీసుకునేవాళ్ల ఇంటికి ఒకసారి మీరే వెళ్లి చూసి రండి.